ఒక గుడ్డు, కాసిని పాలు, కుండెడు పిండి

ఓ కోట. కోటలో వంటగది. వంటగదిలో తల పట్టుకుని నిలబడ్డ వంటవాడు. ఇవాళ దొరగారి పుట్టినరోజు. కేకు చెయ్యాలి. తీరా చూస్తే గుడ్డు లేదు, పాలు లేవు, పిండి లేదు! సరిగ్గా అప్పుడే మీరు గుమ్మంలో అడుగు పెట్టారు. మీ చేతిలో కత్తి ఉంది, డాలుంది. రాక్షసుల్ని చంపి లోకాన్ని ఉద్ధరిద్దామని బయల్దేరిన వీరులు మీరు. వంటవాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి, ఆ మూడూ కాస్త తెచ్చిపెడతారా అని అడుగుతాడు.

కత్తి పట్టుకున్నా మనకి ఈ పురమాయింపు తప్పదన్నమాట!

రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో కొత్తగా చేరినవాళ్లకి ఎదురయ్యే మొదటి పనుల్లో ఇదొకటి. కేంబ్రిడ్జిలో చదువుకున్న ఆండ్రూ గోవర్ అనే కుర్రాడు తన సోదరుడు పాల్ సాయంతో తయారుచేసి 2001 జనవరిలో జనం ముందు పెట్టిన ఆట అది. మా అక్క కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు దాని పక్కన కూర్చుని చూశాను. వంటింటి పని కదా, నాకు చప్పున అర్థమైంది.

పాలు కావాలంటే ముందు బకెట్టు సంపాదించాలి. తర్వాత దొడ్లోకెళ్లి ఆవుని పితకాలి. గుడ్డు కోళ్ల దొడ్లో నేలమీద దొరుకుతుంది. అసలు తంటా పిండితో. చేలోకెళ్లి గోధుమలు కొయ్యాలి. గాలిమర పై అంతస్తుకెక్కి అక్కడున్న గరాటులో పొయ్యాలి. మర తిప్పాలి. మళ్లీ కిందికి దిగొచ్చి రాలిన పిండిని కుండలోకి ఎత్తుకోవాలి. కుండ తీసుకెళ్లడం మర్చిపోయారా, మళ్లీ వెనక్కి! అన్నీ తెచ్చి ఇచ్చాక బహుమతి ఏమిటనుకున్నారు? వంట చేయడంలో కాస్త నైపుణ్యం, ఆ పైన ఆ వంటవాడి పొయ్యి వాడుకునే అనుమతి. ఆ పొయ్యి మీద వండితే పదార్థాలు తక్కువగా మాడతాయట. నాకు తెలిసి ఇంత గౌరవమైన బహుమతి ఇంకే ఆటలోనూ లేదు.

ముందుగా ఓ మాట. ఆన్‌లైన్ ఆట అనగానే మనలో చాలామందికి గుండె ఝల్లుమంటుంది. రమ్మీలో లక్షలు పోగొట్టుకున్నవాళ్ల కథలు మన పేపర్లలో చదివాం కదా. డబ్బు పెట్టి ఆడే ఆ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నేను చెప్పేది ఆ జాతి కాదు. ఇవి రోల్ ప్లేయింగ్ గేమ్స్. అంటే ఆడేవాళ్లు ఒక పాత్ర కట్టుకుంటారు. పేరు పెట్టుకుంటారు, బట్టలు వేసుకుంటారు, ఒక పెద్ద ఊహాలోకంలో తిరుగుతారు. అదే లోకంలో అదే సమయంలో వేలమంది ఇతర దేశాలవాళ్లూ తిరుగుతుంటారు. ఈ తిరుగుడికి ఓ దిక్కూ దారీ చూపించేవే క్వెస్టులు. దారిలో ఎవరో ఆపి ఒక పని అడుగుతారు, మనం చేసిపెడతాం, వాళ్లేదో ఇస్తారు. తిప్పితిప్పి చెప్పినా అంతే.

మరి పనులు చెయ్యడం ఆటెలా అవుతుంది? మా అక్కదీ ఇదే ప్రశ్న. "ఇంట్లో గ్లాసు తీసి సింకులో వెయ్యదు గానీ, ఎవడికో పాలు పితికి పోస్తోందే!" అని ఫోన్లో గోల. నిజమే కదా అనిపించింది. కానీ పక్కన కూర్చుని చూస్తే అందులో ఓ కిటుకు కనిపించింది. కథలు రాసేదాన్ని కాబట్టి నాకది ఇంకాస్త ఎక్కువ పట్టింది.

గిట్టల్లేని గుర్రాలు

2004లో అమెరికాలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట వచ్చింది. అంతకుముందు 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ పేరులో క్వెస్ట్ ఉందన్నమాటే గానీ, ఎక్కువ భాగం ఒకచోట చేరి జంతువుల్ని చంపుతూ కూర్చోవడమే. ఎవరి దగ్గర ఏ పని ఉందో తెలుసుకోవాలన్నా మనమే మాటలు కలిపి కూపీ లాగాలి. వార్‌క్రాఫ్ట్ వాళ్లు పని చెప్పే ప్రతి మనిషి నెత్తిమీదా పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం గుర్తు వేలాడదీశారు. పని పూర్తయితే అదే ప్రశ్నార్థకం అవుతుంది. మన ఇళ్లలో కూడా ఎవరికేం కావాలో అలా నెత్తిమీద కనిపిస్తే ఎంత బాగుణ్ణు!

మొదట్లో ఆట ఆరంభానికి మాత్రమే క్వెస్టులు పెట్టి, ఆ తర్వాత పాత పద్ధతిలో వదిలేద్దామనుకున్నారట. పరీక్షకి ఆడించి చూస్తే, క్వెస్టులు అయిపోయిన చోట ఆట చచ్చిపోయినట్టుందని ఆడినవాళ్లు మొరపెట్టుకున్నారు. ఎవరో ఒకరు పని చెబుతుంటేనే మనిషికి ముందుకు నడవబుద్ధవుతుంది కాబోలు. దాంతో చివరిదాకా క్వెస్టులు రాయక తప్పలేదు. వందలు, వేలు. అంత రాశాక అన్నీ ఒకలా ఎలా ఉంటాయి?

జెవ్రా అని అందులో ఓ జంతువుంది. జీబ్రాకి కొమ్ము మొలిచినట్టుంటుంది. దాని గిట్టలు నాలుగు పట్రమ్మంటారు ఒకరు. నాలుగే కదా, ఒక జంతువుకి ఉండేవే నాలుగు కదా అనుకుంటాం. చంపితే గిట్ట దొరకదు. ఇంకోదాన్ని చంపితే అప్పుడూ దొరకదు. పదో పదిహేనో పడగొడితే గానీ నాలుగు గిట్టలు జమకావు. మరి మిగతావన్నీ దేనిమీద నడుస్తున్నాయో! దొరికే అవకాశం కంప్యూటరు లెక్కలో తక్కువ పెట్టారు, అంతే. పని సాగాలని సాగదీయడం. ఇరవై ఏళ్లు దాటినా ఆడినవాళ్లు ఈ గిట్టల మీద జోకులేసుకుంటూనే ఉన్నారు.

ఇంతకంటే నన్ను నవ్వించింది పుస్తకం పేజీల క్వెస్టు. అడవిలో హెమెట్ నెసింగ్వారీ అనే వేటగాడుంటాడు. ఎర్నెస్ట్ హెమింగ్వే పేరులో అక్షరాల్ని అటూఇటూ మార్చి కట్టిన పేరది. పాపం అతను రాసుకున్న పుస్తకం పేజీలు అడవంతా చెదిరిపోయాయి. అక్కడ తిరిగే శత్రువుల్ని చంపితే ఒక్కో పేజీ దొరుకుతుంది. అన్నీ ఏరి ఇవ్వాలి. ఒకే పేజీ నాలుగుసార్లు దొరుకుతుంది, కావలసిన పేజీ మాత్రం దొరకదు. సంచీ నిండా కాగితాలే. ఈ క్వెస్టు రాసిన జెఫ్రీ కాప్లాన్ 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆటలు తయారుచేసేవాళ్ల సభలో నిలబడి, తను చేసిన క్వెస్టుల్లోకెల్లా చెత్తది ఇదేనని ఒప్పేసుకున్నాడు. కథలో ఏడో పేజీ కనబడక పరుపులెత్తి వెతికిన దాన్ని నేను. ఆ బాధ నాకు చెప్పక్కర్లేదు.

ఆ సభలోనే ఆయన చెప్పిన ఇంకో సంగతి రచయిత్రిగా నాకు గుచ్చుకుంది. క్వెస్టు తాలూకు కథంతా ఐదొందల చిల్లర అక్షరాల్లో ముగించాలని తన మనుషులకి హద్దు పెట్టాడట. అక్షరాలు, మాటలు కాదు! ఎందుకంటే ఆడేవాళ్లు చదవరు. 'సరే' నొక్కేసి పరిగెడతారు. ఎంత గొప్పగా రాసినా అంతే. కాబట్టి కథ చెప్పదలుచుకుంటే చేసే పనిలోనే చెప్పాలి. గోధుమలు కోసి, మెట్లెక్కి, మర తిప్పి, కిందికి దిగి పిండి ఎత్తుకున్నప్పుడు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. పిండి ఎలా వస్తుందో కాళ్లకి తెలిసిపోతుంది. గిట్టల పనికీ పిండి పనికీ తేడా అక్కడుంది.

చిన్న సాయం... చిన్నదే

ఈ పురమాయింపుల మీద రూన్‌స్కేప్ వాళ్లే పెద్ద వేళాకోళం ఒకటి రాశారు. దాని పేరే 'వన్ స్మాల్ ఫేవర్'. ఒక వ్యాపారి ఎర్ర మహాగని దుంగలు కావాలంటాడు. అడవిలో కట్టెలు కొట్టేవాడి దగ్గరికెళ్తే, నా గొడ్డలి మొద్దుబారింది, పదును పెట్టించుకు రమ్మంటాడు. పదును పెట్టేవాడు కోర్టు కేసులో ఇరుక్కున్నాడు, నా తరఫున సాక్ష్యం చెప్పేవాళ్లని తెమ్మంటాడు. సాక్ష్యానికి అడిగిన ముసలమ్మకి తన మనిషి ఒకడు ఎక్కడో బందీగా ఉన్నాడు, ముందు వాణ్ణి విడిపించమంటుంది. అలా పాకుతూ పాకుతూ డజనుకి పైగా మనుషుల దాకా పోతుంది. ప్రతివాడూ చిన్న సాయమే అంటాడు! మన ఏడు చేపల కథలో చేప దగ్గర మొదలై చీమ దాకా పోయినట్టే. చివరి ముడి విప్పాక మళ్లీ వచ్చిన దారినే ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగి వెళ్లి బాకీలు తీర్చుకుంటూ రావాలి.

నేను పకపకా నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు. "నీకు నవ్వుగానే ఉంటుంది పిన్నీ, నాకు రెండ్రోజులు పట్టింది" అంది. నాకు పద్దెనిమిదేళ్లుగా పడుతోందే తల్లీ అనబోయి ఊరుకున్నాను. పొద్దున్న గ్యాస్ బుక్ చేద్దామని లేచి, ఫోన్లో చార్జింగ్ లేక, చార్జరు అబ్బాయి గదిలో ఉందని వెళ్లి, అక్కడ తడి తువ్వాలు మంచంమీద చూసి, ఆరేయడానికి డాబా ఎక్కి... మధ్యాహ్నానికి గ్యాస్ గుర్తొస్తుంది. ఆ క్వెస్టు పూర్తిచేస్తే వచ్చే బహుమతుల్లో ఒకటేమిటో తెలుసా? తాళంచెవులు తగిలించుకునే స్టీలు రింగు. రాసినవాడెవరో గానీ వాళ్లింట్లో అమ్మని బాగా గమనించినవాడై ఉండాలి.

అయితే ఆటలో ఓ సుఖముంది. ఎంత పొడుగు పనైనా చివరికి తెరమీద 'పూర్తయింది' అని పడుతుంది. గంట మోగుతుంది. మన అంట్లకి ఆ గంటెప్పుడూ మోగదు కదా. మా అక్క కూతురు గ్లాసు సింకులో వెయ్యకపోవడానికీ, ఆవుని పితకడానికీ మధ్య రహస్యం సగం ఇక్కడే ఉందని నా అనుమానం.

అలసటా? విశ్రాంతా?

పిల్లలు గంటలు గంటలు కూర్చుంటున్నారని వార్‌క్రాఫ్ట్ వాళ్లకి కూడా మొదట్లోనే పట్టింది. పరీక్ష దశలో ఓ ఏర్పాటు చేశారు. ఎక్కువసేపు ఆడితే మీ పాత్ర అలసిపోతుంది, అప్పట్నుంచి పాయింట్లు సగమే వస్తాయి. ఆడేవాళ్లు మండిపడ్డారు. మమ్మల్ని శిక్షిస్తారా అని. అప్పుడు వాళ్లేం చేశారో చూడండి. లెక్క దాదాపు అదే ఉంచి మాట మార్చారు. సత్రంలో పడుకుని విశ్రాంతి తీసుకుని వస్తే పాయింట్లు రెట్టింపు, ఆ విశ్రాంతి ఖర్చయ్యాక మామూలు పాయింట్లు. అంతే, అందరూ సంతోషం! మందలింపు బహుమతైపోయింది. 'ఇంకా చదవవేం' అనడానికీ 'ఈ పాఠం అయ్యాక జంతికలు పెడతా' అనడానికీ ఉన్నంత తేడా. ఆడే మనిషి మనసు తెలిసి ఆట కట్టడమంటే ఇదేనేమో.

ఆ తెలివే అటు తిరిగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2007లో అదే ఆటలో రోజువారీ క్వెస్టులని మొదలుపెట్టారు. ఇవాళ చేశారా, రేపు మళ్లీ అదే పని ఎదురుచూస్తుంటుంది. 2012లో వచ్చిన కొత్త భాగంలో ఇవి మరీ ఎక్కువైపోయి, ఆటకొచ్చామా కూలికొచ్చామా అని జనం విసుక్కున్నారు. ఫోన్లలోకొచ్చాక ఇది ఇంకా ముదిరింది. 2020లో వచ్చిన చైనా ఆట గెన్షిన్ ఇంపాక్ట్ చూడ్డానికి కళ్లు చెదిరేలా ఉంటుంది. కథలూ బావుంటాయట. కానీ రోజుకి నాలుగు చిన్నపనులు తప్పనిసరిగా ఊరిస్తుంటాయి. అవి చేస్తే వచ్చే రాళ్లు పోగేసి చీటీ తీసినట్టు కొత్త పాత్రల కోసం అదృష్టం చూసుకోవాలి. రాళ్లు చాలకపోతే డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. ఈ చీటీల వ్యవహారం మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఆ కంపెనీ మీద కేసు పెడితే, 2025 జనవరిలో 2 కోట్ల డాలర్లు కట్టడానికీ, పదహారేళ్ల లోపు పిల్లలకి అక్కడ తల్లిదండ్రుల అనుమతి లేకుండా అవి అమ్మకుండా ఉండటానికీ కంపెనీ ఒప్పుకుంది.

అందుకని పిల్లలు ఆడే ఆట మంచిదో చెడ్డదో తేల్చుకోవాలంటే బొమ్మల్లో రక్తం ఉందా అని ఒక్కటే చూస్తే చాలదు. వాళ్లు చేసే పనికి ఒక చివర ఉందా లేదా అన్నది చూడాలి. పిండి తెచ్చాక ఆ వంటవాడు మళ్లీ రేపు పిండి అడగడు. అడిగేవాడి అడుగున ఇంకేదో ఉందని నాకనిపిస్తుంది.

నువ్వెలా ఉన్నావని అడిగినవాళ్లు

ఇక నేను ఇదంతా రాయడానికి అసలు కారణమైన క్వెస్టు. జపాను ఆట, ఫైనల్ ఫాంటసీ 14. దీనికో చరిత్ర ఉంది. 2010లో మొదటిసారి విడుదలై ఘోరంగా దెబ్బతింది. నవోకి యోషిదా అనే ఆయన పగ్గాలు పట్టి, 2012లో కథలోనే ప్రళయం తెప్పించి పాత లోకాన్ని ముగించేసి, 2013లో కొత్తగా కట్టి తెరిచాడు. పడి లేచిన ఆట.

ఇందులో కథానాయిక (మా అమ్మాయి పాత్ర ఆడదే, మగవాణ్ణి కూడా ఎంచుకోవచ్చు) లోకాన్ని కాపాడే వీరురాలు. ఆవిణ్ణి అందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. రాక్షసుణ్ణి చంపమంటారు, మరుక్షణం ఉత్తరం అందించి రమ్మంటారు. ఆవిడ నోరెత్తదు. తలాడించి వెళ్తుంది. ఆటలన్నిట్లోనూ అంతే కదా, వీరులకి కాదనడం తెలీదు.

2015లో ఇందులో డార్క్ నైట్ అనే కొత్త విద్య పెట్టారు. దాని క్వెస్టులు రాసినావిడ పేరు నత్సుకో ఇషికావా. ఆ విద్య నేర్చుకోవడానికి వెళ్తే, పేదలవాడలో ఓ శవం పక్కన ఫ్రే అనే గురువు దొరుకుతాడు. ఒళ్లంతా కవచం, మొహం కనబడదు. ఇద్దరూ కలిసి ఊళ్లు తిరుగుతారు. ఎప్పటిలాగే జనం వచ్చి సాయాలు అడుగుతుంటారు. ఫ్రే మాత్రం ఊరుకోడు. గొణుగుతాడు, తర్వాత కోప్పడతాడు. వీళ్లు నీకేం పెట్టారు, నీ ఒంట్లో ఎలా ఉందని ఒక్కరైనా అడిగారా, ఇవన్నీ వదిలేసి వెళ్లిపోదాం రా అన్నట్టుగా సాగుతుంది అతని వరస. ఆడేవాళ్లకి మొదట చిరాకేస్తుందట. తర్వాత తర్వాత, నిజమే కదా అనిపించడం మొదలవుతుందట.

(ఈ ఆట ఆడదామనుకునేవాళ్లెవరైనా ఉంటే ఈ పేరా దాటేసి వెళ్లండి.) చివరికి తెలుస్తుంది, ఫ్రే అనే మనిషి లేడని. అతను ఎప్పుడో చచ్చిపోయాడు. ఆ కవచంలోంచి మాట్లాడింది కథానాయిక మనసే. ఇన్నాళ్లూ అందరికీ తలాడిస్తూ లోపల తొక్కిపెట్టుకున్న అలసటా, కోపమూ లేచి నిలబడి తనతోనే పోట్లాడతాయి. ఆవిడ దాన్ని ఓడించాలి. కానీ ఓడించాక తరిమెయ్యదు. నువ్వూ నాలో భాగమేనని ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలులోంచే కొత్త బలం వస్తుంది.

మా అమ్మాయి ఇది చెప్పేటప్పటికి రాత్రి పదకొండయింది. రేపటికి ఇడ్లీ పిండి రుబ్బడానికి లేవబోతున్నదాన్ని అలాగే కూర్చుండిపోయాను. ఒక ఆట ఆడేవాళ్లందరి చేతా ఏళ్ల తరబడి చిల్లర పనులు చేయించి, ఆ పనుల్నే ఎత్తి చూపించి, నీకు విసుగు పుట్టలేదా అని అడగడం! కథలో నేను రాస్తే పాఠకురాలు 'అయ్యో' అంటుంది. అక్కడ ఆ పనులు పాఠకురాలే స్వయంగా చేసింది. విసుగూ తనదే. ఆ కోపం ఎక్కణ్ణించి వచ్చిందో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. పుస్తకంలో ఇలా చెయ్యడానికి దారి లేదు. కాస్త అసూయపడ్డాను కూడా, దాచుకోవడమెందుకు!

ఇషికావా ఆ తర్వాత అదే ఆటకి ప్రధాన కథ రాసే స్థాయికి ఎదిగారు. 2019లో వచ్చిన షాడోబ్రింగర్స్ భాగం కథ ఆవిడదే. అసలీ రంగంలో ఆడవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. 1980లో కాలిఫోర్నియాలో రాబర్టా విలియమ్స్ అనే ఇద్దరు పిల్లల తల్లి వంటింటి బల్లమీద కాగితాలు పరుచుకుని మిస్టరీ హౌస్ అనే ఆట రాసుకుంది. ప్రోగ్రాము రాసింది భర్త. 1984లో ఆవిడే కింగ్స్ క్వెస్ట్ చేసింది. క్వెస్ట్ అన్న మాట ఆటల పేర్లలో అంతగా స్థిరపడటంలో ఆవిడ చెయ్యీ ఉంది. వంటింటి బల్ల మీదే సుమండీ.

మర్నాడు మా అక్క ఫోన్ చేసింది. ఎప్పటిలాగే "అది ఇంకా ఆడుతోందా?" అని. అక్క ఉమ్మడి కుటుంబంలో ఇరవై మూడేళ్లుగా ఉంది. అత్తగారి మందులు, మావగారి పేపరు, మరిది పిల్లల క్యారేజీలు, ఏదీ ఆవిడ చేతి మీదుగా కాకుండా కదలదు. నేను ఫ్రే కథ మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు ఎవరో పిలిచారు. "ఒక్క నిమిషం" అంటూ రెండుసార్లూ అవతలికి వెళ్లొచ్చింది. మూడోసారి పిలిస్తే పలకలేదు. కథ అయ్యాక కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

"రాసినావిడ పేరేమిటన్నావ్?" అంది.

చెప్పాను. పెన్ను వెతుక్కుని రాసుకుంది.